రేడియేటర్ మార్చినా ఇంజిన్ ఎందుకు కాగుతోంది? బస్తర్ ఘాట్లలో పాత కార్లు

రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారిపై కాంకేర్ దాటాక కేశ్‌కాల్ ఘాట్ వస్తుంది. మొత్తం 12 మలుపులు. ఒక్క లారీ మొరాయిస్తే వెనక బండ్లన్నీ బారులు తీరాల్సిందే. ఇదే రహదారి జగదల్‌పూర్ నుంచి సుక్మా, కొంటా, చింతూరు, భద్రాచలం మీదుగా విజయవాడ వైపు దిగుతుంది. విశాఖ నుంచి బస్తర్ వెళ్లేవారికైతే సాలూరు, కోరాపుట్ ఘాట్లు తప్పవు. ఈ దారుల్లో పాత అంబాసిడర్‌నో, ప్రీమియర్ పద్మినినో నడపాలనుకునేవారు ముందుగా చేయించే పని పెద్ద రేడియేటర్ బిగించడం. అయినా చాలా బండ్లలో మూడో మలుపుకే ముల్లు ఎరుపులోకి పోతుంది.

కారణం చిన్నదే. రేడియేటర్ వేడిని గాలికి అప్పగిస్తుంది, అంతే. తీసుకునే గాలి లేకపోతే అదెంత పెద్దదైనా వేడినీళ్ల తొట్టే. రెండో గేరులో 20 కిలోమీటర్ల వేగంతో ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ మీద భారం ఎక్కువ, ఎదురుగాలి తక్కువ. భారమంతా ఫ్యాన్‌దే. పైగా మందం పెరిగిన కొత్త కోర్‌లోంచి గాలిని లాగడం పాత ఫ్యాన్‌కు మరింత కష్టం.

అందుకే ముందు ఈ పరీక్ష చేయాలి. నిలబడినప్పుడు వేడెక్కి, వేగం అందుకోగానే చల్లబడితే లోపం గాలిది. చదును రోడ్డు మీద వేగంగా వెళ్తున్నప్పుడే వేడెక్కితే లోపం నీళ్ల ప్రవాహంలోనో, బ్లాకులోనో, ఇగ్నిషన్ టైమింగ్‌లోనో ఉంటుంది. టైమింగ్ వెనక్కి జరిగినా, కార్బురేటర్ మిశ్రమంలో పెట్రోలు తగ్గినా ఇంజిన్ వేడెక్కుతుంది. ఆ సంగతి చూడకుండా రేడియేటర్ మీద ఖర్చు పెట్టడం దండగ.

గాలి లోపానికి చవకైన మందు ఫ్యాన్ చుట్టూ ష్రౌడ్ అనే రేకు తొడుగు. అది లేకపోతే ఫ్యాన్ వెనక ఉన్న వేడిగాలే మళ్లీ మళ్లీ చుట్టూ తిరుగుతుంది. రేడియేటర్ మందం పెరిగితే రెక్కలకు దానికి మధ్య దూరం తగ్గుతుంది కాబట్టి, బ్రేకు వేసినప్పుడు తగలకుండా చూసుకోవాలి. ఎలక్ట్రిక్ ఫ్యాన్ మంచిదే గానీ, పాత డైనమో ఇచ్చేది సుమారు 20 ఆంపియర్లు, ఐడిలింగ్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. ఆల్టర్నేటర్ పెట్టకుండా ఫ్యాన్ పెడితే ఘాట్ పైకి చేరేసరికి బ్యాటరీ ఖాళీ.

తర్వాత మూత. జగదల్‌పూర్ సముద్ర మట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ మూత తీసి కాస్తే నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 7 పౌండ్ల ఒత్తిడి మూత దాన్ని 110 దాకా తీసుకెళ్తుంది. కొత్త రేడియేటర్‌తో వచ్చే 13 పౌండ్ల మూతను చూసి మురిసిపోవద్దు. ముప్ఫై ఏళ్ల గొట్టాలు, హీటర్ కోర్ ఆ ఒత్తిడికి పగిలిపోవచ్చు. పాత మూత రేటింగ్‌కే కట్టుబడటం మేలు.

థర్మోస్టాట్ తీసేయడం మన మెకానిక్కుల తొలి చిట్కా. అది పాడైతే మార్చాలి, పారేయకూడదు. అది లేకపోతే దిగుడులో ఇంజిన్ మరీ చల్లబడి అరుగుదల పెరుగుతుంది, ఎక్కుడులో ఆదుకోదు. బోరు నీళ్లు పోస్తే బ్లాకులో గార పేరుకుంటుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలపాలి. నింపాక గాలి బుడగలు పోయేదాకా హీటర్ వాల్వు తెరిచి ఇంజిన్ నడపాలి. కొత్త రేడియేటర్ బిగించిన వారంలో వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి ఈ బుడగలే మూలం.

అల్యూమినియమా, రాగి-ఇత్తడా? బస్తర్ దారికి నా ఓటు రెండోదానికే. రాగి-ఇత్తడి కోర్‌కు చిల్లు పడితే చిన్న ఊళ్లోనైనా టంకం వేసేవారు దొరుకుతారు. అల్యూమినియానికి ప్రత్యేకమైన వెల్డింగ్ కావాలి. అంబాసిడర్ తయారీ 2014లోనే ఉత్తరపాడాలో ఆగిపోయింది. హెడ్ వంగితే పోయేది డబ్బు మాత్రమే కాదు, దానికి బదులు దొరకడమూ కష్టమే. పద్మినికి అల్యూమినియం హెడ్ కావడంతో ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

ఘాట్‌లో ముల్లు లేస్తే హీటర్ పూర్తిగా తెరవండి, వెడల్పున్న చోట పక్కకు తీసి, బండిని న్యూట్రల్‌లో ఐడిలింగ్ కన్నా కాస్త ఎక్కువ వేగంతో నడవనివ్వండి. నీళ్లు బయటికి తన్నుతున్నా, ఫ్యాన్ బెల్టు తెగినా మాత్రం వెంటనే ఆపేయాలి. రేడియేటర్ చేతికి చల్లగా తగిలేదాకా మూత జోలికి వెళ్లకూడదు. డిక్కీలో ఒక ఫ్యాన్ బెల్టు, పై కింది గొట్టాలు, పది లీటర్ల నీళ్లు ఉంటే సుక్మా, కొంటాల మధ్య సిగ్నల్ లేని చోటా మీరే బాగు చేసుకోవచ్చు.