మరో దారి ఉందా? బెంగళూరు టోలు రోడ్లు, పాత సుంకాలు

బెంగళూరులో మాగడి రోడ్డు మీద సిటీ బస్సులో పడమరకు వెళ్లేవారికి ముందుగా 'టోల్ గేట్' అనే స్టాపు వస్తుంది. ఇప్పుడక్కడ గేటు లేదు, పేరే మిగిలింది. ఇంకొంత దూరం పోతే సుంకదకట్టె. కన్నడంలో సుంకద కట్టె అంటే సుంకం వసూలు చేసే చోటు. అదీ దాటి ముందుకు వెళితే నైస్ రోడ్డు కూడలి. అక్కడ గేటూ ఉంది, డబ్బూ కట్టాలి. ఒకే దారిలో కొద్ది కిలోమీటర్ల లోపల ఒకే పనికి మూడు కాలాల గుర్తులు. చరిత్ర విద్యార్థికి ఇంతకంటే చవకైన మ్యూజియం దొరకదు.

సుంకం మాట మనకు సంస్కృత 'శుల్క' నుంచి వచ్చింది. వసూలు చేసేవాడు సుంకరి. ముస్లిం పాలన కాలంలో 'హాసిల్' వచ్చి తెలుగునోట 'ఆశీలు' అయింది. మన పల్లెల్లో సంతకు బండి తోలుకొచ్చినవాడు ఇప్పటికీ ఆశీలు కట్టానంటాడు గాని టోలు కట్టాననడు. ఈ మాటల వెనుక రెండు వేరు వేరు విషయాలున్నాయి. ఒకటి, నా హద్దులోంచి పోతున్నావు గనుక ఇవ్వు అనేది. రెండోది, నీకొక సదుపాయం కల్పించాను గనుక దాని ఖర్చు ఇవ్వు అనేది. మొదటిది సుంకం, రెండోది రుసుము. టోలు గేటు దగ్గర జరిగే గొడవలన్నిటికీ మూలం ఈ తేడాలోనే ఉందని నాకు అనిపిస్తుంది. ప్రభుత్వం రుసుము అంటుంది, కట్టేవాడికి అది సుంకంలా కనిపిస్తుంది.

ఈ తేడా పాతకాలపు రాజులకు తెలియనిది కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం చూడండి. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పూర్వపు రాజులు లాక్కొనేవారని, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని అందులో వర్తకులకు మాట ఇచ్చాడు. ముప్పై పాళ్లలో ఒక పాలు అని లెక్క కూడా చెప్పాడు. అక్కడ వర్తకుడికి దక్కిన అభయం సుంకం లేకపోవడం కాదు, అది ఇంతే అని ముందుగా తెలియడం.

మైసూరు సంస్థానంలో ఈ అభయం బాగా కరువైంది. 1830లో నగర ప్రాంతపు రైతులు కూటాలు కట్టి తిరగబడ్డారు. ఆ తిరుగుబాటు సాకుగానే 1831లో ఇంగ్లీషువారు రాజ్యపాలన తమ చేతిలోకి తీసుకున్నారు. తరువాత చాలాకాలం కమిషనరుగా ఉన్న మార్క్ కబ్బన్ హయాంలో 769 చిల్లర పన్నులు రద్దయినట్లు మైసూరు గెజెటీరు రాసిన రైస్ దొర లెక్క చెప్పాడు. బిడ్డ పుడితే పన్ను, పేరు పెడితే పన్ను, తల వెంట్రుకలు తీయిస్తే పన్ను. వాటిలో మనకు పనికొచ్చేది ఒకటుంది. నగర ప్రాంతంలో ఒకానొక చోట నడిచిపోయేవాడు చేతులు ఒంటికి ఆనించి పెట్టుకోకపోతే పన్ను కట్టాలట. నవ్వు వస్తుంది గాని, దారినపోయేవాడు అడ్డం తిరగలేడు గనుక అతని దగ్గర ఏ వంకతోనైనా వసూలు చేయవచ్చునన్న తెలివి అందులో ఉంది. అదే కబ్బన్ కాలంలో మైసూరులో విస్తారంగా రోడ్లు పడ్డాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మన తెలుగు జిల్లాలున్న మద్రాసు రాజధానిలో లోనాటి సుంకాలను 1844 నాటి ఆరో చట్టం తీసివేసింది. బెంగాలులో అది 1836లోనే జరిగింది. సుంకపు ఠాణాలు పోయాయి, అయితే రోడ్లకు డబ్బెక్కడిది? 1871 స్థానిక నిధుల చట్టం భూమిశిస్తు మీద సెస్సు వేయడానికి, రోడ్ల మీద టోలు వసూలుకు వీలు కల్పించింది. ఈ టోలు గేట్లను వేలం పాడుకున్న గుత్తదార్లు నడిపేవారు. అంటే 1844లో ఒక తలుపు గుండా బయటికి పోయినది కొత్త పేరుతో మరో తలుపు గుండా లోపలికి వచ్చింది. మోటారు బండ్లు పెరిగాక ప్రతి ఊరి పొలిమేరలో ఆగడం అసాధ్యమైంది. 1931 మద్రాసు మోటారు వాహనాల పన్ను చట్టంతో వాటి మీద టోలు బదులు ఒకే పన్ను వచ్చింది. స్థానిక సంస్థలకు పోయిన రాబడికి పరిహారం ఏర్పాటు చేశారు. అంతకు ముందే జయకర్ కమిటీ సిఫారసుతో 1929లో కేంద్ర రోడ్డు నిధి ఏర్పడి, గాలను పెట్రోలుకు రెండణాల అదనపు సుంకం అందులోకి చేరసాగింది. రోడ్డు వాడేవాడే ఇవ్వాలి, కాని గేటు దగ్గర కాదు, పెట్రోలు బంకులో ఇవ్వాలి అన్నది ఆనాటి తీర్మానం.

ఆ ఒప్పందం సుమారు అరవై ఏళ్లు నిలిచింది. 1956 జాతీయ రహదారుల చట్టానికి 1995లో సవరణ చేసి ప్రైవేటు సంస్థలు రోడ్డు వేసి రుసుము వసూలు చేసుకోవడానికి అనుమతించారు. అంతమాత్రాన పెట్రోలు సుంకం తగ్గలేదు. పైగా 2000లో కేంద్ర రోడ్డు నిధికి కొత్త చట్టం వచ్చి పెట్రోలు, డీజిలు మీద సెస్సుకు పునాది గట్టి చేసింది. రాష్ట్రాల వాహన పన్ను ఉండనే ఉంది. ఒకే రోడ్డుకు మూడుసార్లు కడుతున్నామని బండివాడు అనేది ఇందుకే. దీనికి ప్రభుత్వపు జవాబు కూడా తీసిపారేయదగింది కాదు. బడ్జెట్టు డబ్బుతో ఆరు వరుసల రోడ్లు వేయాలంటే ఎన్ని దశాబ్దాలు పడుతుందో తెలియదు, కారు లేని కూలివాడి పన్నుతో కారున్నవాడికి రోడ్డు వేయడం న్యాయమా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాని ఆ జవాబు నిలవాలంటే ఒక షరతుంది. కట్టలేనివాడికి, కట్టనివాడికి పాత దారి మిగలాలి. బెంగళూరు చుట్టూ జరిగిన గొడవలను ఈ షరతుతో కొలిచి చూడాలి.

నైస్ రోడ్డు కొత్తగా వేసిన దారి. వద్దనుకున్నవాడు ఊరిలోంచి పోవచ్చు. అందుకే అక్కడ అసలు పోరాటం గేటు దగ్గర కాక భూమి దగ్గర జరిగింది. 1995 ఫిబ్రవరిలో దేవెగౌడ ముఖ్యమంత్రిగా ఉండగా అవగాహన ఒప్పందం కుదిరింది. 1997 ఏప్రిల్ నాటి ఒప్పందంలో 20,193 ఎకరాల మాట ఉంది. ఒక రోడ్డుకు ఇంత భూమి ఎందుకని రైతులు అడిగారు. రోడ్డు పక్కన పట్టణాలు కూడా కట్టి ఖర్చు రాబట్టుకోవాలన్నది పథకం. దానికి బలమైన విమర్శకుల్లో ఒకరుగా తరువాత నిలిచినది దేవెగౌడ గారే కావడం కన్నడ రాజకీయాల్లో ఒక వింత. 2006లో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని ఒప్పందం అమలు చేయమంది. మైసూరు దాకా పోవలసిన ఆ దారి ప్రధానంగా బెంగళూరు చుట్టూ సుమారు 41 కిలోమీటర్ల అర్ధవలయంగానే నిలిచింది.

ఎలక్ట్రానిక్ సిటీ పైవంతెన 2010 జనవరిలో తెరిచారు. సుమారు పది కిలోమీటర్లు. పైన పోతే టోలు, కింద హోసూరు రోడ్డు మామూలే అన్నప్పుడు పేచీ తక్కువ. కాని అదే దారిలో అత్తిబెలె దగ్గర నేలమీది రోడ్డుకూ గేటుంది. హోసూరు వైపు ఫ్యాక్టరీలకు రోజూ పోయివచ్చేవాళ్ల ఫిర్యాదు పైవంతెన మీద కాదు, నేలమీది గేటు మీద. ఇక్కడ మనవాళ్లకొక చిన్న సంగతి. ఈ వంతెన కట్టిన సోమా, నాగార్జున కన్‌స్ట్రక్షన్, మైటాస్ మూడూ హైదరాబాదు కంపెనీలే. విమానాశ్రయం రోడ్డు నవయుగది. కోలారు వైపు హోస్కోటె రోడ్డు ల్యాంకోది. గేటుకు ఈ పక్క తిట్టుకుంటూ కట్టే తెలుగువాడు, ఆ పక్క వసూలు చేసుకునే తెలుగు కంపెనీ. సుంకరులమూ మనమే, బండ్లవాళ్లమూ మనమే.

విమానాశ్రయం రోడ్డు కథ వేరు. అది పాత బళ్లారి రోడ్డే. దేవనహళ్లి, చిక్కబళ్లాపురం, బాగేపల్లి మీదుగా అనంతపురం, కర్నూలు, హైదరాబాదు పోయే దారి. పండగకు ఊరు వెళ్లే మనలో చాలామందికి మరూరు, కాసేపల్లి, అమకతాడు, పుల్లూరు గేట్ల పేర్లు కంఠతా వచ్చు. 2014లో హెబ్బాళ నుంచి వేసిన ఎత్తు రోడ్డు తెరిచి, సాదహళ్లి గేటులో రేట్లు పెంచినప్పుడు టాక్సీ డ్రైవర్లు, చుట్టుపక్కల ఊళ్లవారు ఆందోళనకు దిగారు. ఊళ్లవారి వాదన చిన్నది. వంతెన విమానం ఎక్కేవాడి కోసం కట్టారు, మేము తాతలనాటి నుంచి ఈ దారిన పోతున్నాం, గేటు మా దారిలో ఎందుకు పెట్టారు? జాతీయ రహదారుల 2008 నిబంధనలు గేటుకు 20 కిలోమీటర్ల లోపు నివసించేవారి సొంత బండ్లకు 2007-08 ధరల్లో నెలకు 150 రూపాయల పాసు పెట్టాయి. అంటే ఆ కష్టం నిబంధనలు రాసినవారికీ తెలుసు. కాని రోజూ అద్దెకు తిరిగే టాక్సీ ఆ పాసు కిందికి రాదు.

అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ మైసూరు ఎక్స్‌ప్రెస్ రోడ్డు. 118 కిలోమీటర్లు. 2023 మార్చి 12న ప్రధాని మండ్య జిల్లాలో ప్రారంభించారు. 14న బిడది పరిసరాల్లోని గేట్లలో వసూలు మొదలైంది. ఆ రోజే కాంగ్రెసువారు, కన్నడ సంఘాలవారు అక్కడ ధర్నా చేశారు. వారి ప్రధానమైన ప్రశ్న రేటు గురించి కాదు. సర్వీసు రోడ్డు పూర్తి కాకుండా టోలు ఎలా తీస్తారని అడిగారు. నిడఘట్ట దాకా కారుకు అప్పుడు ఒకవైపు 135 రూపాయలు. ఏప్రిల్ 1న పెంచి, గోల లేవగానే వెనక్కి తీసుకున్నారు. శ్రీరంగపట్నం దగ్గర గణంగూరు గేటు జులైలో తెరిచారు. ఆగస్టు 1 నుంచి ద్విచక్ర వాహనాలు, ఆటోలు, ట్రాక్టర్లు ప్రధాన రోడ్డు ఎక్కరాదన్నారు. ప్రమాదాల దృష్ట్యా అందులో అర్థముంది. కాని మండ్య చెరకు రైతు ట్రాక్టరుకు ఆ రోడ్డు మూసుకుపోయింది, సర్వీసు రోడ్డే గతి. చన్నపట్నం బొమ్మల అంగళ్లు, మద్దూరు వడల హోటళ్లు బైపాసుల వల్ల బేరం పోయిందని మొరపెట్టుకున్నాయి. టోలు కట్టని వీరంతా మరో రకంగా కడుతున్నారు.

ఒక అపోహ కూడా తొలగాలి. ఈ రోడ్డు హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో కట్టినది. ఖర్చులో 40 శాతం కట్టే సమయంలోనే ప్రభుత్వం ఇస్తుంది, మిగిలినది కంపెనీ పెట్టి వాయిదాలుగా రాబట్టుకుంటుంది, టోలు డబ్బు పోయేది జాతీయ రహదారుల సంస్థకు. గేటు దగ్గర కంపెనీని తిట్టినవారు తప్పు చిరునామాకు ఉత్తరం రాసినట్లే.

ఎంతకాలం కట్టాలన్న ప్రశ్న మిగిలింది. దీనికి ఢిల్లీ-నోయిడా వంతెన కేసు చదవాలి. 1997 ఒప్పందం ప్రకారం కంపెనీకి ఏటా 20 శాతం లాభం రావాలి, ఏ ఏడు రాకపోతే ఆ తరుగు ప్రాజెక్టు ఖర్చులో కలుస్తుంది. అంటే ఎంత వసూలు చేసినా అప్పు పెరుగుతూనే ఉంటుంది. మన పల్లెల్లో నాగు వడ్డీ లెక్క తెలిసిన ముసలివారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. కాలనీ సంఘాల సమాఖ్య కోర్టుకెక్కింది. 2016లో అలహాబాదు హైకోర్టు వసూలు ఆపింది, 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు దాన్ని ఖాయపరిచింది. కొల్హాపూరులో ఎన్.డి. పాటిల్ వంటి పెద్దలు ముందుండి నడిపిన ఊరి రోడ్ల టోలు వ్యతిరేక ఉద్యమం 2014లో గేట్లు తగలబడేదాకా వెళ్లింది. చివరికి ప్రభుత్వం కంపెనీకి డబ్బు చెల్లించి టోలు ఎత్తివేసింది. ఆ డబ్బు మహారాష్ట్ర ఖజానాది. గేటు పోయినా బిల్లు పోలేదన్నమాట. హైదరాబాదు బాహ్యవలయ రహదారిని 2023లో 30 ఏళ్లకు 7,380 కోట్ల రూపాయలకు లీజుకిచ్చినప్పుడు చెలరేగిన చర్చ కూడా ఈ లెక్క గురించే. రేపటి వసూలును ఈ రోజే అమ్ముకుంటే ఎంతకు అమ్మాలి, ఆ హక్కు ఎవరిది?

2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక గేటు దగ్గర చేయి చాచేవాడు లేడు, వాదించేందుకు మనిషీ లేడు. డబ్బు తనంతట తానే పోతుంది, ఫోనుకు సందేశం వస్తుంది. సుంకదకట్టె దగ్గర బండి ఆపి సుంకరితో తగువాడిన మనిషికి దొరికిన అవకాశం ఇప్పటి డ్రైవరుకు లేదు.

అయితే విమానాశ్రయానికి హెణ్ణూరు, బాగలూరు మీదుగా ఒక దారి ఉంది. అందులో సాదహళ్లి గేటు రాదు. బెంగళూరులో టాక్సీ ఎక్కి ఏర్‌పోర్టు అనగానే డ్రైవరు వెనక్కి తిరిగి, ఏ దారిన పోదాం సార్ అని అడుగుతాడు.