కారు ఏసీ ఉష్ణోగ్రతా సెన్సర్: లోప నిర్ధారణ

కారు ఏసీలో ఉష్ణోగ్రతను కొలిచే సెన్సర్లు సాధారణంగా మూడు చోట్ల ఉంటాయి: డాష్‌బోర్డు లోపల, మెకానిక్కులు కూలింగ్ కాయిల్ అని పిలిచే ఎవాపరేటర్ రెక్కల మధ్య ఒకటి, బయటి గాలి వేడిని తెలుసుకోవడానికి ముందు బంపరు వెనుక ఒకటి, ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో అదనంగా క్యాబిన్‌లో ఒకటి. ఇవి చాలావరకు థర్మిస్టర్లు, అంటే వేడి పెరిగేకొద్దీ విద్యుత్ నిరోధం తగ్గే అర్ధవాహక పరికరాలు. ఈ గుణాన్ని మైకేల్ ఫారడే 1833లోనే సిల్వర్ సల్ఫైడ్‌లో గుర్తించినా, కారు ఏసీకి ఉష్ణోగ్రత నియంత్రణ అబ్బడానికి చాలాకాలం పట్టింది. కర్మాగారంలోనే ఏసీ బిగించిన తొలి కారుగా పేరొందిన ప్యాకార్డ్‌కు కొందరు 1939ని, మరికొందరు 1940ని చెబుతారు. 1939లో ప్రదర్శించినది 1940 మోడల్ కాబట్టి రెండో సంవత్సరమే సముచితంగా తోస్తుంది. అందులో థర్మోస్టాట్ గాని కంప్రెసర్ క్లచ్ గాని లేకపోవడంతో, ఏసీని పూర్తిగా ఆపాలంటే ఇంజన్ ఆపి బెల్టు తీయవలసి వచ్చేది.

కాయిల్ గడ్డకట్టే స్థాయికి చేరువవుతుండగా కంప్రెసర్‌ను ఆపించడం ఎవాపరేటర్ సెన్సర్ పని. అది ఉన్నదానికంటే ఎక్కువ వేడిని చూపితే కంప్రెసర్ ఆగకుండా నడిచి, గాలిలోని తేమ రెక్కలపై మంచుగా పేరుకుంటుంది. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ప్రాంతాల్లో ఇది మరింత త్వరగా జరుగుతుంది. ప్రయాణం సాగేకొద్దీ గాలి వేగం తగ్గిపోయి, కొంతసేపు ఏసీ ఆపితే మళ్లీ మామూలు కావడం దీని ముఖ్య లక్షణం. తీగ తెగితే ఇందుకు భిన్నంగా జరుగుతుంది: నిరోధం అనంతమై, కంట్రోల్ యూనిట్‌కు అది విపరీతమైన చలిగా కనబడి, కంప్రెసర్ అసలు అందుకోదు. మండుటెండలో బయటి ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలుగా కనిపించడానికి తరచు కారణం ఇదే. బంపరు మరమ్మతు తరువాత కనెక్టర్ తిరిగి తగిలించకపోయినా ఇలాగే అవుతుంది. ఇటువంటి సందర్భాల్లో కొలవకుండానే గ్యాస్ తగ్గిందని తేల్చి నింపడం సరైన పద్ధతి కాదు, ఎందుకంటే అవసరానికి మించిన గ్యాస్ కూడా చల్లదనాన్ని తగ్గిస్తుంది.

పరీక్షకు అనువైన సమయం కారు రాత్రంతా నీడలో నిలిచి ఉన్న తరువాతి ఉదయం; అప్పుడు స్కానర్‌లో సెన్సర్లన్నీ దాదాపు ఒకే ఉష్ణోగ్రతను చూపాలి, ఒకటి మాత్రం వేరుగా ఉంటే అనుమానం దానిపైనే నిలుస్తుంది. తరువాత సెన్సర్‌ను విప్పి మల్టీమీటర్‌తో నిరోధం చూస్తారు. 25 డిగ్రీల వద్ద 10 కిలో ఓమ్‌లు ఉండే థర్మిస్టర్, కరుగుతున్న మంచుగడ్డల నీటిలో, అంటే సున్నా డిగ్రీల వద్ద, సుమారు 33 కిలో ఓమ్‌లకు చేరుతుంది. అయితే ఈ విలువలు తయారీదారును బట్టి మారుతాయి గనుక ఆ మోడల్ సర్వీసు మాన్యువల్‌లోని పట్టికే ప్రమాణం. వేడి మారుతున్నప్పుడు అంకె క్రమంగా కాక గెంతుతూ మారితే, రెండు కొసల వద్ద విలువలు సరిపోయినా సెన్సర్ చెడినట్టే భావించవచ్చు.

సెన్సర్ బాగుంటే లోపం తీగల్లో వెతకాలి. విప్పిన కనెక్టర్ వద్ద సాధారణంగా 5 వోల్టులు రావాలి. రెండు పిన్నులనూ తీగతో క్షణకాలం కలిపినప్పుడు స్కానర్ అంకె అతిచలి నుంచి అతివేడికి మారితే తీగలు, కంట్రోల్ యూనిట్ పనిచేస్తున్నట్టే. స్కానర్‌లో పి 0070 కోడ్ బయటి గాలి సెన్సర్ వలయాన్ని సూచిస్తుంది. దానితో తరచు కలగాపులగమయ్యే పి 0530 మాత్రం గ్యాస్ పీడన సెన్సర్‌కు చెందినది. కొత్త ఎవాపరేటర్ సెన్సర్‌ను కాయిల్‌లో పాతది ఉన్న చోటే, అంతే లోతున గుచ్చాలి. కాయిల్ అంతటా చల్లదనం ఒకేలా ఉండదు కాబట్టి స్థానం మారితే కంప్రెసర్ ఆగే ఉష్ణోగ్రత కూడా మారిపోతుంది.