టైప్-1, టైప్-2 వర్గీకరణలు

విజ్ఞానశాస్త్రంలోని పలు విభాగాలలో ఒకే పేరు గల వ్యాధులను, వస్తువులను, దోషాలను వేరుపరచడానికి టైప్-1, టైప్-2 (మొదటి రకం, రెండవ రకం) అనే పేర్లను వాడుతారు. కొన్ని చోట్ల ఈ అంకెలు స్థాయిని తెలుపుతాయి. చాలా చోట్ల మాత్రం అవి కేవలం గుర్తులు.

మధుమేహం

సామాన్య పాఠకులకు ఈ అంకెలు ఎక్కువగా పరిచయమైనది మధుమేహం ద్వారానే. టైప్-1 మధుమేహంలో సాధారణంగా శరీరపు రక్షణ వ్యవస్థే క్లోమంలోని బీటా కణాలను నాశనం చేస్తుంది. ఇన్సులిన్ దాదాపుగా ఉత్పత్తి కాదు కనుక రోగి బయటినుండి దానిని తీసుకోవలసిందే. టైప్-2లో ఇన్సులిన్ తయారైనా శరీరం దానికి సరిగా స్పందించదు. కాలక్రమేణా ఉత్పత్తి కూడా తగ్గుతుంది.

టైప్-2 అనగా వ్యాధి ముదిరిన రెండవ దశ అనుకోవడం పొరపాటు. టైప్-2 రోగికి కొన్నేళ్ళ తరువాత ఇన్సులిన్ సూదిమందు మొదలుపెట్టినంత మాత్రాన అది టైప్-1గా మారదు. ఈ తేడా కేవలం పేర్లకు సంబంధించినది కాదు. టైప్-1 ఉన్న పిల్లలకు ఇన్సులిన్ ఆపివేస్తే రక్తంలో కీటోన్లు పేరుకొని ప్రాణాపాయం కలుగుతుంది.

పూర్వం ఈ రెండింటిని "ఇన్సులిన్‌పై ఆధారపడినది", "ఆధారపడనిది" అని కూడా పిలిచేవారు. చికిత్సను బట్టి పెట్టిన ఆ పేర్లు తికమకకు దారితీయడంతో 1997లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ నిపుణుల సంఘం వాటిని విడిచిపెట్టింది. రోమన్ అంకెల బదులు మామూలు అంకెలు వాడాలని కూడా అప్పుడే సూచించింది. రోమన్ 2ను 11గా చదివే అవకాశం ఉండడమే ఇందుకు కారణం.

ఖగోళశాస్త్రం

1941లో రుడాల్ఫ్ మింకోవ్‌స్కీ సూపర్నోవాలను వర్ణపటం ఆధారంగా విభజించాడు. ఉదజని రేఖలు కనిపించనివి మొదటి రకం, కనిపించేవి రెండవ రకం. తరువాత మొదటి రకాన్ని 1ఎ, 1బి, 1సి అని విడదీశారు. 1ఎ అనేది శ్వేత కుబ్జతారలో జరిగే ఉష్ణకేంద్రక విస్ఫోటనం. 1బి, 1సి మాత్రం రెండవ రకం వలెనే భారీ నక్షత్రపు కేంద్రభాగం కుప్పకూలడం వలన ఏర్పడతాయి. పుట్టుకను బట్టి చూస్తే ఈ విభజన సరికాదు, అయినా పాత పేర్లే నిలిచిపోయాయి.

1944లో వాల్టర్ బాడె నక్షత్రాలను రెండు సమూహాలుగా విభజించాడు. సూర్యుని వంటివి మొదటి సమూహానికి, వాటికన్నా పురాతనమైనవి రెండవ సమూహానికి చెందుతాయి. విశ్వంలో మొట్టమొదట పుట్టినవిగా భావించే నక్షత్రాలను మూడవ సమూహం అంటారు! ఇక్కడ అంకెల వరుస కాలక్రమానికి తలక్రిందులు.

ఇతర రంగాలు

గణాంకశాస్త్రంలో నిజమైన శూన్య పరికల్పనను తిరస్కరించడం మొదటి రకం దోషం, నిజం కానిదానిని తిరస్కరించలేకపోవడం రెండవ రకం దోషం. వైద్య పరీక్షలో లేని రోగాన్ని ఉన్నట్లు చూపడం మొదటిదానికి, ఉన్న రోగాన్ని కనిపెట్టలేకపోవడం రెండవదానికి ఉదాహరణలు. రెండింటిలో ఏది ఎక్కువ హానికరమో సందర్భాన్ని బట్టి ఉంటుంది.

అతివాహకాలలో టైప్-2 రకం అయస్కాంత క్షేత్రాన్ని పాక్షికంగా లోనికి రానిస్తూనే అతివాహకంగా కొనసాగుతుంది. ఎమ్మారై యంత్రాలలో వాడే నయోబియం-టైటానియం తీగలు ఈ కోవకు చెందినవే.

అంకె నిజంగా స్థాయిని సూచించే వర్గీకరణ 1964లో నికొలాయ్ కర్దషేవ్ ప్రతిపాదించిన నాగరికతల కొలమానం. నేటి వాడుకలో మొదటి రకం నాగరికత తన గ్రహానికి అందే శక్తిని, రెండవది తన నక్షత్రపు శక్తిని, మూడవది తన గెలాక్సీ మొత్తపు శక్తిని వినియోగించుకోగలదు. మానవజాతి ఇంకా మొదటి రకానికి చేరుకోలేదు.