వందల్లో క్లిక్కులు.. కొనేవారేరీ? ఆన్‌లైన్ ప్రకటనల్లో నకిలీ లీడ్లను ఇలా గుర్తించండి

నూజివీడు దగ్గర మీకు మామిడి తోట ఉంది. బంగినపల్లి, చిన్న రసాలు హైదరాబాద్, విజయవాడ వాసులకు నేరుగా అమ్ముదామని ఫేస్‌బుక్‌లోనో, గూగుల్‌లోనో ప్రకటన ఇచ్చారనుకుందాం. రెండు రోజుల్లో వందల మంది పేరు, ఫోన్ నంబరు ఇచ్చారు. వీటినే ‘లీడ్లు’ అంటారు. తీరా ఫోన్ చేస్తే ఒక నంబరు పనిచేయదు. మరొకరు ‘నేను ఏ ఫారమూ నింపలేదే’ అంటారు. ఏప్రిల్ నుంచి జూన్ వరకే ఉండే సీజన్‌లో దీనివల్ల డబ్బుతో పాటు విలువైన రోజులూ పోతాయి. కోసిన కాయ కొనేవారి కోసం ఆగదు కదా!

అసలు ఖర్చెంత?

ఉదాహరణకు రూ.10 వేల ప్రకటనకు 200 లీడ్లు వచ్చాయనుకోండి. ఒక్కోదానికి రూ.50 పడినట్లు కనిపిస్తుంది. వాటిలో 40 మాత్రమే నిజమైనవైతే ఒక్కో లీడ్ ఖరీదు రూ.250. చివరికి పది మందే కొంటే ఒక్కో కొనుగోలుదారు కోసం మీరు రూ.1,000 ఖర్చు పెట్టినట్లు. అయిదు కిలోల పెట్టెపై అంత లాభం రాదు. అందుకే క్లిక్కులను కాదు, ఆర్డర్లను లెక్కపెట్టాలి.

ఎవరికి లాభం?

ప్రకటన చూపే యాప్, వెబ్‌సైట్ యజమానులకు క్లిక్కుల ఆదాయంలో వాటా వస్తుంది. లీడ్‌కు ఇంత అని వసూలు చేసే కొందరు మధ్యవర్తులు ఎక్కడెక్కడివో నంబర్లు తెచ్చి ఫారాలు నింపేస్తారు. మీ బడ్జెట్ త్వరగా అయిపోవాలని పోటీదారులే పదేపదే క్లిక్ చేయడమూ ఉంది.

కొత్త పోకడలు ఇవీ

* దొంగచాటు యాప్‌లు: ‘స్లాప్‌యాడ్స్’ పేరుతో సాగిన మోసాన్ని హ్యూమన్ అనే సైబర్ భద్రత సంస్థ 2025 సెప్టెంబరులో బయటపెట్టింది. 224 యాప్‌లు, మొత్తం 3.8 కోట్ల డౌన్‌లోడ్లు. ఫోన్ యజమానికి కనిపించకుండానే ప్రకటనలు తెరిచి క్లిక్ చేసేవి. ఆ తర్వాత గూగుల్ వాటిని ప్లే స్టోర్ నుంచి తొలగించింది.

* టీవీ బాక్సులు: కోటికి పైగా ఆండ్రాయిడ్ పరికరాల్లో చొరబడిన ‘బ్యాడ్‌బాక్స్ 2.0’ ముఠాపై 2025 జులైలో గూగుల్ అమెరికాలో దావా వేసింది. ధ్రువీకరణ లేని చౌక బాక్సులే దీనికి ఆధారం.

* నిజమైన నంబర్లు: లీకైన వివరాలతో బాట్లు ఫారాలు నింపుతాయి. నంబరు నిజమైనదే అయినా, దాని యజమానికి మీరెవరో తెలియదు.

* ‘పని’ పేరుతో క్లిక్కులు: రేటింగ్, రివ్యూ ఇస్తే డబ్బిస్తామని టెలిగ్రామ్‌లో ఆశపెట్టి, ఆపై ‘పెట్టుబడి’ పేరుతో దోచుకున్న ముఠాను 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. దేశవ్యాప్తంగా సుమారు 15 వేల మంది నుంచి కొల్లగొట్టింది రూ.712 కోట్లు.

నకిలీ లీడ్లతో మరో నష్టమూ ఉంది. ఫారం నింపింది ఎలాంటివారో చూసి, అలాంటివారికే మీ ప్రకటనను మరింతగా చూపిస్తుంది ప్రకటన వ్యవస్థ. మొదట్లోనే అడ్డుకోకపోతే నకిలీలు పెరుగుతూనే ఉంటాయి.

మీరేం చేయాలి?

1. గూగుల్ ప్రకటనలో ప్రాంతం ఎంచుకునేటప్పుడు ‘ఆ ప్రాంతంలో ఉన్నవారు’ అన్నదే పెట్టండి. లేదంటే ఆసక్తి చూపిన దూరప్రాంతాల వారికీ వెళ్తుంది.

2. సెర్చ్ ప్రకటనలో డిస్‌ప్లే నెట్‌వర్క్‌ను, ఫేస్‌బుక్‌లో ఆడియన్స్ నెట్‌వర్క్‌ను తీసేయండి. ఆటల యాప్‌లలో పొరపాటున పడే క్లిక్కులు తగ్గుతాయి.

3. ఫారంలో పిన్‌కోడ్, ఎన్ని పెట్టెలు కావాలి అన్న ప్రశ్నలు చేర్చండి. వీలైతే ఓటీపీ పెట్టండి.

4. ఏజెన్సీకి లీడ్ల లెక్కన కాకుండా ఖరారైన ఆర్డర్ల లెక్కన చెల్లించండి. ప్రకటన ఖాతా మీ పేరుతోనే ఉండాలి.

5. ‘డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి’ అనే కొనుగోలుదారును నమ్మొద్దు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు.

ఫిర్యాదు ఎక్కడ?

తన వ్యవస్థ పట్టుకున్న చెల్లని క్లిక్కులకు గూగుల్ బిల్లు వేయదు. ఆ సంఖ్యను ఖాతాలోని ‘ఇన్‌వ్యాలిడ్ క్లిక్స్’ కాలమ్‌లో చూడొచ్చు. ఇంకా అనుమానం ఉంటే క్లిక్ క్వాలిటీ ఫారంతో దర్యాప్తు కోరండి. మోసమని తేలితే ఆ సొమ్ము ఖాతాలో జమవుతుంది.

ఎవరైనా మోసం చేసి డబ్బు కాజేస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. కంప్యూటర్, ఫోన్ వంటి సాధనాలతో వేరొకరిలా నటించి మోసగిస్తే ఐటీ చట్టం సెక్షన్ 66డి కింద మూడేళ్ల వరకు జైలు, రూ.లక్ష వరకు జరిమానా ఉంటాయి. లీడ్ల జాబితా, వచ్చిన తేదీ, సమయం, కాల్ వివరాలు, బిల్లులు, స్క్రీన్‌షాట్లు భద్రపరచండి. ఫిర్యాదుకు అవే ఆధారం.