లక్క రికార్డులు, ఉప్పెన మట్టి

నిజాంపట్నంలో మా ఇంటి అటక మీద ఒక ట్రంకుపెట్టె ఉండేది. అందులో తాతగారు కొన్న గ్రామఫోను రికార్డులు, ఇంచుమించు నలభై. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మా తీరాన్నీ వదలలేదు. అప్పటికి ఆ పెట్టె నేల మీదే ఉన్నది. నీరు తీశాక దానిని తెరిచి చూసి, లోపల పేరుకున్న బూడిదరంగు ఒండ్రుతో సహా మూసి, అటకెక్కించారట. పారవేయడానికి మనసు రాలేదు, బాగుచేసే ఓపికా లేదు. చాలా ఏళ్ళ తరువాత దానిని నేను దింపాను.

మొదట చేసిన నిర్వాకం చెప్పక తప్పదు. టేపురికార్డరు హెడ్డును దూదితో, స్పిరిటుతో తుడవడం మా తరానికి అలవాటు. అదే తెలివి ఇక్కడా ప్రయోగించాను. పైన ఉన్న రికార్డు తీసి స్పిరిటు దూదితో రుద్దితే దూది నల్లబడింది. మరికాస్త రుద్దితే మరింత నల్లబడింది. మురికి వదులుతున్నదని పొంగిపోయాను. వదులుతున్నది మురికి కాదు, రికార్డే! అది బాపట్లలో పుట్టి, తెనాలి రామవిలాస సభ నాటకాలతో ఆంధ్రదేశమంతటా పేరు పొందిన స్థానం నరసింహారావుగారి రికార్డు.

ఆ నల్లని ప్లేట్లన్నీ ప్లాస్టిక్కు అనుకోవడమే పొరపాటు. 78 వేగంతో తిరిగే పాత రికార్డులో జిగురు పదార్థం లక్క. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలపై ఒక చిన్న పురుగు కూర్చే లక్క. దానిలో మెత్తటి రాతిపొడి, నల్లరంగుకు మసి కలిపి, వేడిచేసి అచ్చు వేసేవారు. లక్క నీటిలో కరగదు, స్పిరిటులో కరుగుతుంది. బీరువాలకు పాలిష్ పెట్టే ఏ వడ్రంగిని అడిగినా ఈ ముక్క చెప్పేవాడు. నేను అడగలేదు.

లక్క ప్రయాణం చిత్రమైనది. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి మన దేశంలో తొలి రికార్డింగులు చేశాడు. స్థానంవారు పుట్టినదీ ఆ ఏడే, రెండు నెలల ముందు. ఆ పాటలను జర్మనీలోని హానోవరులో అచ్చు వేయించి తెచ్చేవారు. ప్రపంచానికి లక్క ప్రధానంగా మన ఛోటానాగపూరు అడవుల నుంచే పోయేది కనుక, మన లక్క ఓడెక్కి జర్మనీ వెళ్ళి, మన పాటను మోసుకుని తిరిగి వచ్చేదన్నమాట. 1908లో కలకత్తా సియాల్దాలో కర్మాగారం పెట్టాక ఆ తిరుగుడు తప్పింది. రెండవ ప్రపంచయుద్ధంలో, 1942లో, అమెరికా ప్రభుత్వం రికార్డులకు లక్క వాడకాన్ని బాగా తగ్గించివేసింది. పాత రికార్డులు పోగుచేసి, కరిగించి, కొత్తవి చేశారు. ఎన్ని గొంతులు అలా కరిగిపోయాయో!

లక్క రికార్డు మన దగ్గర చాలాకాలం బతికింది. ఇంగ్లండులో 78లు వెనకబడ్డాక కూడా, 1960లలో, బీటిల్స్ పాటలు సైతం ఇక్కడ 78లుగా అచ్చయ్యాయి. అందుచేత ‘ఇది మరీ పాతది కాదు, వినైలే అయి ఉంటుంది’ అని తేదీని బట్టి తీర్మానించకూడదు. బరువుగా ఉండి, లేబులు మీద 78 అని ఉంటే లక్కే అనుకోవడం క్షేమం.

రైలు 1916లో రేపల్లె దాకా వచ్చింది. తెనాలిలో కొన్న ప్లేటు రేపల్లెలో రైలు దిగి, అక్కడి నుంచి ఎడ్లబండి మీద మా ఊరు చేరేది. 1606లోనే డచ్చివారు కోఠీ పెట్టిన రేవు మాది, అయినా ఇరవయ్యో శతాబ్దంలో పాట మాకు చేరినది ఎడ్లబండి మీదే. ఒక వైపు మూడు నిమిషాలు. రంగస్థలం మీద వన్సుమోరులతో సాగే పద్యాన్ని ఆ మూడు నిమిషాలలో కుదించి పాడేవారు. కపిలవాయి రామనాథశాస్త్రిగారి పద్యాలు నాటకం చూడని ఊళ్ళకు సైతం చేరాయంటే ఈ ప్లేట్ల చలవే.

ఇక మురికి సంగతి. లక్క రికార్డులో రాతిపొడి కలపడం ఉక్కు ముల్లును అరగదీసి గాడికి సరిపడేటట్లు చేయడానికి కూడా ఉపయోగపడేది. అందుకే ముల్లును ప్రతి వైపుకూ మార్చమనేవారు. పొదుపరి ఇళ్ళలో ఒకే ముల్లు పది పాటలు పాడేది. కనుక గాడిలో ఉండేది వట్టి దుమ్ము కాదు, ఇనుపరజను, రాతిపొడి, లక్కపొడి. మా రికార్డులపై వీటికి తోడు సముద్రపు ఉప్పు. ఉప్పు తేమను లాగుతుంది, తేమకు బూజు పడుతుంది.

మామూలు దుమ్మయితే పొడి బ్రష్షు ముందు. ఎండిన ఒండ్రును పొడిగా రుద్దితే ఉప్పుకాగితం పెట్టి గీసినట్లే. అందుకని ముందు తడిపి మెత్తబరచాను. మా ఊరి బోరునీరు ఉప్పన, ఆరాక మళ్ళీ ఉప్పే మిగులుస్తుంది. బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటరు తెచ్చి, అందులో గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క వేశాను. మెత్తని బ్రష్షుతో గాడి వెంబడే గుండ్రంగా తిప్పాలి, అడ్డంగా రాదు. నానబెట్టకూడదు: లోపలి పొడి నీరు పీల్చుకుంటే రికార్డు ఉబ్బుతుంది. మళ్ళీ మంచినీటితో కడిగి, నూలుపోగు రాలని బట్టతో అద్ది, నీడలో నిలువుగా ఆరబెట్టాను. ఎండలో పెడితే అప్పడంలా వంకర తిరుగుతుంది. లేబులు కాగితం కనుక దానిని తడి నుంచి కాపాడడమే పెద్ద పని. మావాటిలో సగానికి లేబుళ్ళు ఉప్పెనలోనే పోయాయి. అటువంటి రికార్డుకు లోపలి అంచున ఉండే నంబరే ఊరూ పేరూ.

వినైలు సంగతి వేరు. 1974లో ఘంటసాలగారి మరణానంతరం వెలువడిన భగవద్గీత ఎల్పీ ఎన్నో తెలుగు ఇళ్ళలో ఉండేది. అది స్పిరిటుకు కరగదు. కానీ దాని గాడి 78 గాడిలో మూడోవంతు మాత్రమే, పైగా రాపిడికి విద్యుత్తు పుట్టి దుమ్మును తనే లాక్కుంటుంది. ఇంగ్లండులో సెసిల్ వాట్స్ 1950లలో ‘డస్ట్ బగ్’ అనే చిన్న బ్రష్షును తయారుచేసినది ఈ బాధకే.

ఇప్పుడు అన్నీ ఇంటర్నెట్టులో దొరుకుతున్నాయి కదా, ఈ కడుగుడెందుకని మా పిల్లల ప్రశ్న. అక్కడి ప్రతులూ ఎవరో ఒకరి ప్లేటు నుంచి తీసినవే. మురికి ప్లేటు నుంచి ఎక్కించి, ఆపైన కంప్యూటరుతో గరగర తీసేస్తే, దానితోపాటు గొంతులోని పదునూ పోతుంది. మద్రాసులో వి.ఎ.కె. రంగారావుగారు వేలకొలది 78లను సేకరించి కాపాడడం చూశాక, మన ఇంటి నలభైనైనా కడగలేమా అనిపించింది.

నలభైలో పదిహేడు పాడుతున్నాయి. కొన్ని విరిగాయి, కొన్నింటి గాళ్ళే లేవు. నేను స్పిరిటుతో తుడిచిన రికార్డును కూడా పారవేయలేదు. తుడిచిన వైపు ముల్లు పెడితే వానచప్పుడు తప్ప మరేమీ లేదు. తిప్పి రెండో వైపు పెడితే, స్థానంవారు మూడు నిమిషాలు పాడతారు.