గుర్తు ఎవరి కోసం?

కళాచరిత్ర వ్రాసేవారు గుడి గోపురాన్ని చూచినంత శ్రద్ధగా వ్యాపార సంస్థల గుర్తులను చూడరు. సినిమా టైటిళ్లలోని అక్షరాన్నీ, మోటారుకారు ముఖాన్నీ అసలే చూడరు. అవి సంతసరకు అనే చిన్నచూపు పండితులది. అవి పెట్టుబడిదారుడి గారడీ అనే అనుమానం మనవాళ్లది. ఇటీవల మూడవ ధోరణి ఒకటి బలపడింది. 1950, 60 దశకాల పోస్టర్లనూ, కార్లనూ, అక్షరాలనూ ముద్దుచేసి, ఆ ముద్దును కూడా అంగట్లో పెట్టి అమ్మడం. ఈ మూడు దృష్టులలోనూ లోపించిన ప్రశ్న ఒక్కటే. ఆ గుర్తు ఎవరి కోసం పుట్టింది? దాన్ని ఎవరు చదువుకోగలిగారు? గీసిన చేతికి ఏం దక్కింది?

ఈ ప్రశ్నను న్యూయార్కు నుంచి కాక నూజివీడు మామిడితోటల నుంచి వేయడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. కాని ఆ కాలపు రూపరచన మన దేశంలో ఎన్ని దారుల వెంట నడిచిందో చూడడానికి ఇంతకన్న అనువైన చోటు అరుదు. ఇక్కడి జమీందారీ రాబడి సినిమాగా మారింది. ఇక్కడి పంట లారీలెక్కి దేశం మీదికి పోయింది. ఇక్కడి నిరక్షరాస్యుడైన రైతుకూలీ 1952లో బొమ్మ చూచి ఓటు వేశాడు.

ముందుగా ఈ రూపరచనకు పుట్టినిల్లు ఏదో చూద్దాం. జర్మనీలో 1919లో వెలసిన బౌహౌస్ విద్యాలయం అనవసరమైన అలంకారాన్ని వదలి, యంత్రంతో చేసిన వస్తువు సామాన్యుడికి అందాలన్న ఆశయం పెట్టుకున్నది. నాజీల ఒత్తిడికి 1933లో అది మూతపడింది. అందులోని ఆచార్యులు పలువురు అమెరికా చేరారు. మొహోలీ-నాజ్ 1937లో చికాగో వెళ్లాడు. ఆయన సహచరుడు కెపెష్ బ్రూక్లిన్ కళాశాలలో పాఠం చెప్పగా విన్నవాడు సాల్ బాస్. ఆ విధంగా కార్మికుల ఇళ్ల కోసం ఆలోచించిన రూపరచన సముద్రం దాటి, మహాసంస్థల ఆస్థానంలో కొలువు కుదిరింది.

యుద్ధానంతరం అమెరికన్ కంపెనీలు ఊరు దాటి, దేశం దాటి పెరిగాయి. యజమానికి ముఖం లేదు. కంపెనీకి ముఖం కావలసి వచ్చింది. 1956లో పాల్ రాండ్ ఐ.బి.ఎం. అనే మూడు అక్షరాలను బరువైన, సమానమైన దిమ్మెలవలె నిలబెట్టాడు. 1961లో యు.పి.ఎస్. డాలు మీద దారం కట్టిన పార్సెలును గీశాడు. ఉత్తరం మీద అణాకాసంత ముద్రించినా, భవనం మీద తాటిచెట్టంత నిలబెట్టినా చెడని గీత అది. అందులో ప్రతిభ లేదనడం మూఢత్వం. కాని వేలాదిమంది శ్రమను ఒకే ముఖం వెనుక దాచడం దాని పని అన్నది మరువరాదు.

సాల్ బాస్ విషయం కొంత వేరు. సినిమా మొదట్లో వచ్చే పేర్ల పట్టిక అదివరకు ఒక మొక్కుబడి. తెర తొలగకముందే, జనం కుర్చీలు వెతుక్కుంటుండగానే అది జరిగిపోయేది. 1955లో ‘ది మాన్ విత్ ది గోల్డెన్ ఆర్మ్’ చిత్రానికి బాస్ కాగితం కత్తిరించినట్టున్న వంకర చేతిని తెరమీద నిలిపాడు. మత్తుమందుకు బానిసైన మనిషి కథ మొత్తం ఆ ఒక్క చేతిలో ఇమిడింది. 1960లో మరొక ఘట్టం జరిగింది. కమ్యూనిస్టు అన్న కారణంతో 1947 నుంచి హాలీవుడ్ వెలివేసిన రచయిత డాల్టన్ ట్రంబో పేరు ‘స్పార్టకస్’, ‘ఎక్సోడస్’ చిత్రాల టైటిళ్లలో బాహాటంగా కనిపించింది. ఆ రెండింటికీ టైటిళ్లు రచించినది బాసే. పదమూడేళ్లుగా మారుపేర్ల చాటున బతికిన కలానికి న్యాయం జరిగిన చోటు న్యాయస్థానం కాదు, సినిమా టైటిలు. కనుక టైటిలంటే అలంకారమని తేల్చివేయడానికి వీలులేదు. అది శ్రమకు చెల్లించే గుర్తింపు. ఎగవేసిన గుర్తింపు కూడా అక్కడే బయటపడుతుంది.

ఇక మన తట్టుకు వద్దాం.

నూజివీడుకు సమీపాన ఆగిరిపల్లి కొండ మీద శోభనాచలస్వామి గుడి ఉన్నది. ఆ ప్రాంతపు రైతుకు ఆ పేరు తిరునాళ్ల పేరు, మొక్కుల పేరు. అక్కడికి దగ్గరలోని మీర్జాపురం జమీందారు మద్రాసులో చిత్రనిర్మాణం చేపట్టినప్పుడు తన సంస్థకు శోభనాచల పిక్చర్స్ అని పేరు పెట్టుకున్నాడు. 1949లో ఆ సంస్థ పక్షాన ఆయనే స్వయంగా ‘కీలుగుర్రం’ చిత్రానికి దర్శకత్వం వహించాడు. అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి నటించారు. ఘంటసాల సంగీతం కూర్చాడు. అదే ఏడాది ఆయన భార్య, నటి కృష్ణవేణి నిర్మించిన ‘మన దేశం’ ద్వారా ఎన్.టి. రామారావు తెరకు పరిచయమయ్యాడు.

ఈ తేదీని గమనించాలి. మద్రాసు రాష్ట్రంలో జమీందారీలను రద్దుచేసిన చట్టం 1948 నాటిది. భూమి మీద జమీందారు పేరు చెరిగిపోతున్న రోజులలోనే తెరమీద అతని సంస్థ పేరు వెలిగింది. శిస్తు వసూలు చేసిన వర్గం టిక్కెట్టు వసూలుకు మారింది. ఆ మార్పుకు ఊరి దేవుడి పేరే వ్యాపారనామం అయింది. రైతు చెమటకు పన్ను కట్టించుకున్నవారు ఆ రైతు భక్తిని కూడా పెట్టుబడిలో చేర్చుకున్నారు.

అయితే విమర్శ ఇక్కడ ఆగితే అది సగం విమర్శే. కృష్ణా జిల్లాలోనే చల్లపల్లి జమీందారు డబ్బుతో నడిచిన సారథి సంస్థ నుంచి, గూడవల్లి రామబ్రహ్మం చేతిమీదుగా, 1938లో ‘మాలపిల్ల’, 1939లో ‘రైతుబిడ్డ’ వచ్చాయి. జమీందారీ దోపిడీని చూపిన ‘రైతుబిడ్డ’ జమీందారుల ఆగ్రహానికీ, నిషేధానికీ గురి అయింది. డబ్బు ఎవరిదన్నది ఒక్కటే కృతి స్వభావాన్ని తేల్చివేయదని దీనివల్ల తెలుస్తున్నది. గుర్తుల విషయంలోనూ అంతే. విజయా సంస్థ కపిధ్వజాన్ని తన చిహ్నంగా తీసుకున్నది. విజయుడు అర్జునుడి పేరు; అతని రథం మీది జెండా హనుమంతుడిది. తోలుబొమ్మలాటలోనూ, హరికథలోనూ భారతం విన్న మనిషికి ఆ జెండా చూడగానే కంపెనీ పేరు తెలిసిపోతుంది. అక్షరం అక్కరలేదు. రాండ్ గీసిన గుర్తులో అర్థాన్ని కంపెనీ కొత్తగా నింపాలి. మన చిత్రసంస్థల గుర్తులో జనం జ్ఞాపకం ముందే నిండి ఉన్నది. 1951 జనగణనలో దేశపు అక్షరాస్యత నూటికి 18 మాత్రమే అన్న సంగతి గుర్తుంచుకుంటే ఈ భేదం ఎంత పెద్దదో తెలుస్తుంది.

అక్షరం విషయానికి వస్తే సమస్య మరొకటి. ఐ.బి.ఎం. అని ఇంగ్లీషులో వ్రాస్తే మూడు దిమ్మెలు ఒకే ఎత్తున నిలుస్తాయి. ‘కీలుగుర్రం’ అని తెలుగులో వ్రాయండి. గుడిదీర్ఘం పైకి లేస్తుంది, కొమ్ములు పక్కకు సాగుతాయి, రావత్తు కిందికి దిగుతుంది. మనకు పెద్దబడి అక్షరాలు లేవు. పొడి అక్షరాలతో పేరును కుదించడం మన నాలుకకు అలవాటు లేదు. తాటాకు మీద గంటంతో సాగిన గుండ్రని గీత మనది. దాన్ని దిమ్మెలో పోస్తే విరుగుతుంది. కనుక టైటిలు వ్రాసే చిత్రకారుడు పాశ్చాత్య నమూనాను దించితే పని జరగదు. వత్తును పాదంగానో, తలకట్టును జెండాగానో మలచుకోవాలి. నల్లని అట్టమీద తెల్లరంగుతో కుంచెపట్టి వ్రాసి, దాన్ని కెమెరా కింద పెట్టి తీసిన ఆ పేర్లలో తెలుగులిపి తన కొత్త రూపాలను వెతుక్కున్నది.

ఈ వెతుకులాటలో పెద్ద పేరు బాపుది. 1933లో నరసాపురంలో పుట్టి, మద్రాసులో పత్రికలకు బొమ్మలు వేసి, జె. వాల్టర్ థామ్సన్ అనే ప్రకటనల సంస్థలో పనిచేసి, 1967లో ‘సాక్షి’తో దర్శకుడయ్యాడు. ప్రకటనల సంస్థలో పొదుపైన గీత నేర్చినా, ఆయన అక్షరం మాత్రం చేతివ్రాతగానే మిగిలింది. లావు సన్నం మారుతూ, ఒక మనిషి మాట్లాడినట్టు సాగింది. ఈనాడు అదే అక్షరం కంప్యూటరు ఫాంటుగా పెళ్లిపత్రిక మీదికీ, అంగడి బోర్డు మీదికీ వచ్చింది. ఆయనకు ముందే ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ చిత్రాలకు కళాదర్శకత్వం నెరపిన మాధవపెద్ది గోఖలే చిత్రకారుడే కాక కథకుడు కూడా. బాపు వలె, గోఖలే వలె పేరు దక్కినవారు కొందరే. పోస్టరు కోసం ఒక్కొక్క రంగును విడివిడిగా విడదీసి గీసిన లితో పనివారి పేర్లు ఏ టైటిలులోనూ కనిపించవు.

రంగులను విడదీసే ఆ పని మన జిల్లాకు కొత్తది కాదు. బందరు, పెడన కలంకారీ పనివారు తరతరాలుగా చేస్తున్నది అదే. గీతకు ఒక చెక్క అచ్చు, ఒక్కొక్క రంగుకు వేరొక అచ్చు. మామిడిపిందె ఆకారాన్ని ఎన్నటికీ చెడని ఒక్క వంపులోకి దించినవారు వాళ్లు. అతి తక్కువ గీతతో అతి ఎక్కువ చెప్పడం ఆధునిక రూపరచన సూత్రమైతే, ఆ పిందె దానికి పాత ఉదాహరణ. పేదవాడి చేతిలో పొదుపు కళాసూత్రంగా కాక అవసరంగా పుట్టింది.

మోటారుకార్లలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. 1948లో కాడిలాక్ కారుకు వెనుక చిన్న రెక్కలు మొలిచాయి. యుద్ధవిమానం చూచి హార్లీ ఎర్ల్ బృందం పెట్టిన రెక్కలవి. 1959 నాటికి అవి ఆకాశానికి లేచాయి. వాటివల్ల కారు ఎగరలేదు. నిరుటి కారు మాత్రం పాతబడింది. ఏటా రూపం మార్చి, నిన్నటి వస్తువు మీద యజమానికే అసహ్యం పుట్టించడం ఆ రూపరచన ధ్యేయం. మన అంబాసిడర్ ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ నమూనాకు నకలుగా 1957లో ఉత్తరపారాలో మొదలై, 2014 దాకా దాదాపు అదే ఒడ్డూపొడుగుతో వెలువడింది. దీన్ని చూచి నిరాడంబరతకు గెలుపు అని పొంగిపోనక్కరలేదు. పోటీలేని మార్కెట్టులో బిర్లాలకు మార్చవలసిన అవసరం కలగకపోవడమే దానికి పెద్ద కారణం. అయినా ఆ గుండ్రని రూపాన్ని పల్లె మెకానిక్కు విప్పి తిరిగి బిగించగలిగాడు. రూపం నిలకడగా ఉంటే పనివాడి విద్య నిలకడగా ఉంటుందన్నది ఇందులోని పాఠం.

నిజమైన స్థానిక రూపరచన కార్లలో కన్న లారీలలో కనిపిస్తుంది. చాలాకాలం ఫ్యాక్టరీ నుంచి ఎక్కువగా వచ్చినది చాసిస్ మాత్రమే. దానిమీద కేబినూ, తొట్టీ కట్టి, రంగులద్ది, పేర్లు వ్రాసేవారు బెజవాడ ఆటోనగర్ వడ్రంగులు, కమ్మర్లు, పెయింటర్లు. నూజివీడు బంగినపల్లి, చిన్నరసాలు ఎక్కిన లారీ వేగంగా పోతున్నప్పుడు కూడా దాని పేరు చదవగలగాలి. అక్షరానికి నీడ, చుట్టూ అంచు, ముదురురంగు మీద లేతరంగు – ఇవన్నీ ఆ అవసరం నేర్పిన విద్యలు. రాండ్‌కు ఉత్తరం మీద సంతకం ఉన్నది. ఈ పెయింటరుకు రోజుకూలి ఉన్నది. తారతమ్యం బుద్ధిలో కాదు, ఉత్పత్తి సంబంధాలలో ఉన్నది.

ఇప్పుడు అన్నిటికన్న విస్తృతమైన ఉదాహరణకు వద్దాం. 1951-52 సార్వత్రిక ఎన్నికలలో ప్రతి అభ్యర్థికీ ఒక పెట్టె, ప్రతి పెట్టె మీదా ఒక గుర్తు. కాంగ్రెసుకు కాడియెద్దులు, కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీకి గుడిసె, కమ్యూనిస్టు పార్టీకి కంకికొడవలి. పేరు చదవలేని కోట్లాది జనం తమ జీవితంలోని వస్తువులను చూచి తమ నిర్ణయం చెప్పారు. ఆ తర్వాతి దశాబ్దాలలో ఎన్నికల సంఘంలో ఎం.ఎస్. సేథీ అనే డ్రాఫ్ట్స్‌మన్ పెన్సిలుతో గీసిన సైకిలు, లాంతరు వంటి బొమ్మలు నేటికీ ఓటింగు యంత్రాల మీద ఉన్నాయి. ఐ.బి.ఎం. గుర్తు సరకును కొనిపించడానికి పుట్టింది. ఈ గుర్తులు పాలకుణ్ణి ఎన్నుకోవడానికి పుట్టాయి. గీతలోని సరళత రెండింటికీ ఒకటే, ప్రయోజనం వేరు. మామిడితోట కావలిమనిషి ఆ బొమ్మ ముందు, బహుశా మొదటిసారిగా, భూస్వామితో సమానంగా నిలబడ్డాడు. ఆ సమానత్వం పోలింగు గదిలో మొదలై ఆ గది గుమ్మం దగ్గరే ఆగిపోవడం బొమ్మ లోపం కాదు. మన రాజకీయాల లోపం.

అందువల్ల ఆ కాలపు రూపరచనను మెచ్చుకోవడం అభ్యుదయవాదికి తగని పని కాదు. మెచ్చుకోలుకు కొలబద్ద మాత్రం కావాలి. గీత ఎంత శుభ్రంగా ఉన్నదన్నది మొదటి ప్రశ్న మాత్రమే. దాన్ని చదవగలిగినవారు ఎందరు, అది వాళ్లచేత ఏం చేయించింది, గీసినవాడి పేరు ఎక్కడ ఉన్నది – ఈ మూడూ తర్వాతి ప్రశ్నలు. ఈ నాలుగింటినీ కలిపి అడిగితే కపిధ్వజం, కంకికొడవలి, కాడిలాక్ రెక్క ఒకే గాటన కట్టవలసినవి కావని తేలుతుంది.

2008 నుంచి నూజివీడులో సాంకేతిక విద్యాలయం ఉన్నది. పల్లెల నుంచి వచ్చిన విద్యార్థులు అక్కడ తెరమీద అక్షరాలు దిద్దుతున్నారు. వాళ్లకు పాల్ రాండ్‌ను చెప్పే ఉపాధ్యాయుడు ఆటోనగర్ పెయింటరును, పెడన అచ్చుపనివాణ్ణి కూడా చెప్పాలి. పాత పోస్టర్లు, లారీ పలకలు, టైటిలు అట్టలు చెత్తలోకి పోకముందే పోగుచేయాలి. వాటిపక్కన వాటిని గీసినవారి పేర్లు వ్రాయాలి. ట్రంబోకు పదమూడేళ్లకు దక్కినది మన పనివారికి డెబ్బై ఏళ్లకైనా దక్కాలి.