తొంభై మెట్ల లెక్క

బెంగళూరు బెళ్ళందూరులో మా బావ వాళ్ళ అపార్ట్‌మెంటులో లిఫ్టు ఆగిపోయిన రోజున, కూరగాయల సంచులతో ఏడో అంతస్తు దాకా మెట్లెక్కాం. ఇంట్లోకి వెళ్ళగానే ఆయన మంచినీళ్ళ కన్నా ముందు వాచీ చూసుకున్నారు.

"నాకు ఆరే వేసిందిరా! నీకెంత?"

నాకు ఏడు. ఒక అంతస్తు ఎక్కడ పోయిందో తేల్చాలంటే ఔటర్ రింగ్ రోడ్డు దాటి చాలా దూరం, 1648 నాటి ఫ్రాన్సు దాకా పోవాలి.

అసలు వాచీకి మెట్లు కనపడవు. ఎత్తు గురించి దానికి తెలిసింది గాలి బరువొక్కటే. పైకి పోయేకొద్దీ మన నెత్తిన ఉన్న గాలి తగ్గుతుంది, పీడనమూ తగ్గుతుంది. ఈ సంగతి తేల్చాలని బ్లేజ్ పాస్కల్ తన బావగారు ఫ్లోరాన్ పెరియేని (అక్కడా బావే!) పాదరసం గొట్టంతో పుయ్ ద డోమ్ కొండ ఎక్కించాడు. ఆ ఏడాది సెప్టెంబరు 19న కొండ మీద పాదరసం మూడంగుళాలకు పైగా దిగింది. ఈ కథ చాలామందికి తెలుసు. తరవాత పాస్కల్ పారిస్‌లో చేసిన చిన్న ప్రయోగం గురించి అంతగా చెప్పుకోరు. తొంభై మెట్లున్న ఒక మామూలు ఇంట్లో కిందా పైనా పాదరసం కొలిచాడు. తేడా అర గీత, అంటే మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. ఈనాటి లెక్కలో అది పన్నెండు మీటర్ల ఎత్తు. నాకు తెలిసి గాలితో మెట్లు లెక్కపెట్టిన మొదటి మనిషి ఆయనే. ఆ ఇంటి మెట్లు మన మెట్లంత ఉంటే పదిహేను మీటర్లు రావాలి. కంటితో చూసిన కొలతకు అది తప్పు కిందకు రాదు.

పెరియే ఇంకో మంచి పని చేశాడు. కొండ కింద మఠంలో రెండో గొట్టం పెట్టి, దాన్ని రోజంతా చూస్తూ ఉండమని ఒక సన్యాసికి అప్పగించాడు. పైన పాదరసం దిగింది ఎత్తు వల్లా, వాతావరణం మారినందువల్లా అన్నది దాంతో తేలింది. కింద గొట్టంలో పాదరసం రోజంతా కదల్లేదు. మన వాచీకి లేనిది ఆ కాపలా గొట్టమే.

అది లేని లోటు మన దేశంలో మరీ ఎక్కువ. ఉష్ణమండలంలో గాలి పీడనానికి రోజుకు రెండు ఆటుపోట్లు. ఉదయం పదింటికీ రాత్రి పదింటికీ ఎక్కువ, నాలుగింటికి రెండు పూటలా తక్కువ. 1840లో విశాఖపట్నంలో సొంతంగా వేధశాల కట్టిన గోడే వెంకట జగ్గారావు, 1856లో ఆయన పోయాక దాన్ని నడిపిన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు నక్షత్రాలతో పాటు వాతావరణాన్నీ పట్టించుకున్నారు. అలా పూటపూటా కొలిచి రాసుకునేవాళ్ళకు ఈ ఊగిసలాట కొత్త కాదు. బెంగళూరులో మూడు మీటర్లు ఎక్కితే పీడనం తగ్గేది 0.3 హెక్టాపాస్కల్, మొత్తంలో మూడు వేలో వంతు. మామూలు రోజున ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు లోపు దానంతటదే 3 హెక్టాపాస్కళ్ళు పడిపోగలదు. అంటే బెళ్ళందూరులో కుర్చీలోంచి లేవని ఉద్యోగి కూడా, గాలి లెక్కన, పదంతస్తులు ఎక్కినట్టే!

అందుకే వాచీ ఇంకో సాక్షిని, అంటే అడుగుల లెక్కనూ, అడుగుతుంది. మొదటి సాక్షి బారోమీటరే. 1844లో లూసియన్ విడీ పాదరసం మానేసి, గాలి తీసేసిన లోహపు డబ్బీతో బారోమీటరు చేశాడు. గాలి నొక్కితే డబ్బీ మూత వంగుతుంది. ఇప్పటి సెన్సరులో ఆ మూత పనిని గింజంత చిప్పులోని సిలికాన్ పొర చేస్తుంది. అడుగులు లెక్కపెట్టే యంత్రం వేరే వంశం. 1965లో జపాన్‌లో వచ్చిన మాన్పో-కెయ్ పదివేల అడుగుల మోజును మన నెత్తిన పెట్టింది. 2011లో ఫిట్‌బిట్ అల్ట్రా ఈ రెంటినీ ఒకచోట చేర్చింది. పీడనం తగ్గాలి, అదే సమయంలో అడుగులూ పడాలి. రెండూ కుదిరి సుమారు మూడు మీటర్లు పెరిగితేనే ఒక అంతస్తు. లిఫ్టులో అడుగులు పడవు కాబట్టి సున్నా. మెట్ల మరమీద గంటసేపు తొక్కినా ఎత్తు మారదు కాబట్టి దాదాపు సున్నానే. దిగిన మెట్లకు చాలా వాచీలు అసలు విలువే ఇవ్వవు.

బావ వాచీ ఉన్న చేతిలోనే బరువైన సంచి ఉంది. చెయ్యి ఊగలేదు, కొన్ని అడుగులు దానికి అందలేదు. ఆయన అంతస్తు పోయింది అక్కడేనని నా అనుమానం. ఆఫీసులో మాత్రం ఆయనకు లాభమే. అంతస్తుకు నాలుగు మీటర్లున్న భవనంలో ఆరు ఎక్కితే వాచీ ఎనిమిది వేస్తుంది. ఈదురుగాలి కొట్టినా, మూసిన మెట్లదారి తలుపు దబ్బున తెరిచినా ఒకటీ అరా కొసరు పడొచ్చు.

వచ్చే నెల అలిపిరి నుంచి నడిచి వెళ్దామంటున్నారు బావ. 3,550 మెట్లు. అంతస్తుకు పదహారు మెట్ల చొప్పున 222 రావాలని ఇప్పుడే కాగితం మీద వేశారు. మెట్లన్నీ ఒకే ఎత్తు కావని, వాచీ చూసేది ఎత్తునే గానీ మెట్లను కాదని చెప్పాను. వినలేదు. పైగా అక్కయ్య ప్రతి మెట్టుకూ పసుపూ కుంకుమా పెడతానని మొక్కుకుంది. మెట్టు మెట్టుకూ ఆగి వంగే ఆ చేతికి వాచీ కడితే ఏ అంకె వేస్తుందో చూడాలని నాకు ఉబలాటంగా ఉంది.